మద్దెల ఓడైనప్పుడు

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మనకొక సామెత వుంది. తన చేతగానితనాన్ని పనిముట్టు మీదికి నెట్టే మనిషిని వెక్కిరించటానికి పుట్టిన సామెత ఇది. వెక్కిరింపు బాగానే వుంది గాని, ఈ సామెత ఒక ప్రశ్నను దాటేస్తుంది. మద్దెల నిజంగానే ఓడైతే సంగతేమిటి? అప్పుడు తాళం తప్పిన మనిషి ఎవర్ననాలి? తన్ను తాను అనుకోవాలా, మద్దెలను అనాలా, ఆ మద్దెలను చేసి అంటగట్టినవాణ్ణి అనాలా?

మనం యంత్రాల మధ్య బతుకుతున్నాం. పంపుసెట్టు, మిక్సీ, కంప్యూటరు, సెల్‌ఫోను, చౌకడిపోలో వేలిముద్ర యంత్రం, ఇవన్నీ ఏదో ఒకరోజు మొరాయించేవే. అవి మొరాయించినప్పుడు స్త్రీ ప్రవర్తించే తీరుకూ పురుషుడు ప్రవర్తించే తీరుకూ తేడా కనిపిస్తుంది. పురుషుడు యంత్రాన్ని తిడతాడు, చరుస్తాడు, దిక్కుమాలిన డబ్బా అంటాడు. స్త్రీ "నా మొహం, నాకేం చేతనవును" అని పక్కకు తప్పుకుంటుంది. పురుషులందరూ, స్త్రీలందరూ ఇంతేనని నా అభిప్రాయం కాదు. మొత్తం మీద వాలు అటు వుందన్నమాట. ఈ వాలును చూసి మన హాస్య కథలూ, కార్టూన్లూ, సినిమాలూ బోలెడంత నవ్వు పండించుకున్నాయి. స్కూటరును తన్నే మగవాడితో కలిసి నవ్వుతాం. కంప్యూటరు ముందు తెల్లమొహం వేసిన ఆడమనిషిని చూసి నవ్వుతాం. ఈ రెండు నవ్వులూ ఒకటి కావు.

ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే లోకం దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది: స్వభావం. స్త్రీకి సహజంగా భూదేవంత ఓర్పు వుంటుందట. పురుషుడికి సహజంగా యంత్రజ్ఞానమూ, దాంతోబాటు కాస్త ముక్కోపమూ వుంటాయట. మార్చలేని స్థితినీ, మార్చటం ఇష్టంలేని స్థితినీ మనవాళ్లు స్వభావమనే పేరుతో పిలవటం కొత్తేమీ కాదు. అంటరానితనం గురించీ, బాల్యవివాహాల గురించీ కూడా ఒకప్పుడు ఇటువంటి జవాబులే వినిపించాయి. అంచేత ఈ జవాబును నమ్మేముందు కొంచెం తరచి చూడటం అవసరం.

ముందుగా తేడా ఎంత, అది ఎక్కడ వుంది అన్నది తేల్చుకోవాలి. కంప్యూటర్ల పట్ల స్త్రీపురుషుల వైఖరుల మీద అప్పటిదాకా జరిగిన అనేక అధ్యయనాలను కలిపి 1997లో బెర్నార్డ్ విట్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లెక్కగట్టాడు. తన సామర్థ్యం మీద తనకుండే నమ్మకం పురుషుల్లో ఎక్కువగా కనిపించింది. కాని చాలా విషయాల్లో తేడా చిన్నది. ఒకటి మాత్రం పెద్దది: కంప్యూటరు మగవాడి వ్యవహారమనే నమ్మకం. ఆ నమ్మకం స్త్రీలకంటే పురుషుల్లో చాలా గట్టిగా వుంది. 2006లో ఎస్తర్ హర్గిట్టాయ్, స్టీవెన్ షేఫర్ అనే ఇద్దరు మరో రకంగా పరీక్షించారు. స్త్రీలనూ పురుషులనూ కూచోబెట్టి ఇంటర్నెట్టులో కొన్ని పనులు చెయ్యమన్నారు; మీకెంత నైపుణ్యముందో మీరే చెప్పండని కూడా అడిగారు. చేతిలో నైపుణ్యం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. నోటితో చెప్పిన నైపుణ్యం మాత్రం స్త్రీలది గణనీయంగా తక్కువ. అంటే తేడా యంత్రాన్ని వాడే చేతిలో లేదు. ఆ చేతికి తాను వేసుకునే వెలలో వుంది.

ఇంకో సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. లెక్కల పట్టికల్లో తప్పులు వెతికే పనిముట్ల మీద ఆరెగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో లారా బెక్‌విత్, మార్గరెట్ బర్నెట్ తదితరులు 2005 ప్రాంతంలో పరిశోధన చేశారు. తెరమీద కొత్త సదుపాయమేదైనా కనబడితే పురుషులు దాన్ని కెలికి చూశారు. స్త్రీలు దాని జోలికి వెళ్లటానికి వెనకాడారు. నేర్చుకోవటానికి చాలాసేపు పడుతుందని అనుకున్నారు. తీరా పరీక్షించి చూస్తే నేర్చుకోవటంలో వాళ్లేమీ వెనకబడి లేరు. ఇందులో ఇంకో విశేషముంది. కెలకటమనేది ఎప్పుడూ లాభమే అనటానికీ వీల్లేకపోయింది. మధ్య మధ్య ఆగి ఆలోచిస్తూ కెలికినవాళ్లు బాగుపడ్డారు. ఆగకుండా కెలికిన మగవాళ్లు కొన్నిచోట్ల తమ పనిని తామే చెడగొట్టుకున్నారు. ఐనా లోకం దాన్ని చొరవ అంటుంది, ఆగి ఆలోచించటాన్ని భయమంటుంది.

ఇక్కడ అసలు కీలకం బయటపడుతుంది. యంత్రాన్ని కెలకాలంటే ముందు దాన్ని పాడుచేసే హక్కు వుండాలి. రేడియో విప్పి తిరిగి బిగించలేకపోయిన పిల్లవాణ్ణి తండ్రి ఒక చెంపదెబ్బ కొట్టినా, సాయంత్రం నలుగురితో మావాడికి బుర్ర వుందని చెప్పుకుంటాడు. అదే పని ఆడపిల్ల చేస్తే పాడుచేసింది అంటారు. ఆ మాట అక్కడితో ఆగదు; అత్తవారింటిదాకా వెంటవస్తుంది. విప్పినవాడికి పోయేది ఒక రేడియో. ఆ అమ్మాయికి పోయేది పరువు. పాడైన వస్తువుకు ఎవరు జవాబు చెప్పుకోవాలో వాళ్లే దాని దగ్గర జంకుతారు. ఇందులో స్త్రీత్వమేమీ లేదు. యజమాని ట్రాక్టరు నడిపే జీతగాడు కూడా అలాగే జంకుతాడు. స్వంత ట్రాక్టరున్న రైతు దాన్ని తిట్టినట్టు అతను తిట్టలేడు. యంత్రం మీద కోపం ఆస్తిహక్కులో ఒక భాగం.

ఈ మాట మన రాష్ట్రాల అంకెలతో కూడా సరిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను వున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో సగానికి తక్కువ, 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఒకసారి ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతమే, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో అటువంటి స్త్రీలు 26.5 శాతం. ఫోను వున్న స్త్రీ చేతిలో వుండేది కూడా చాలాసార్లు భర్తో కొడుకో వాడి వదిలేసిన పాతఫోను. తెర పగిలింది, బ్యాటరీ నిలవనిది. ఓడు మద్దెల ఆమెకిచ్చి, తాళం తప్పిందని నవ్వటం మన సంస్కారం.

ఉపాధ్యాయులు ఈ విషయంలో తమ తరగతి గదిని కూడా చూసుకోవలసి వుంది. కారల్ డ్వెక్, ఆమె సహచరులు 1978లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఉపాధ్యాయులు పిల్లల్ని మందలించే తీరును గమనించారు. మగపిల్లలు తిన్న చీవాట్లలో పెద్ద భాగం అల్లరి గురించీ, అశ్రద్ధ గురించీ. చదువు పని విషయంలో ఆడపిల్లలు తిన్న చీవాట్లు దాదాపు అన్నీ ఆ పనిలోని తెలివితక్కువ గురించే. ఆడపిల్ల బుద్ధిమంతురాలు, శ్రద్ధగలది అని ముందే ఒప్పేసుకున్నాం గనక, ఆమె లెక్క తప్పితే మిగిలే కారణం ఒక్కటే: బుర్ర లేదు. మగపిల్లవాడు తప్పితే శ్రద్ధ పెట్టలేదంటాం, అంటే బుర్ర వుందన్నమాటే. ఇటువంటి బడిలో పదేళ్లు చదివిన ఇద్దర్ని ఒక మొండి యంత్రం ముందు నిలబెడితే ఎవరు ఎవర్ని తిడతారో చెప్పటానికి జోస్యం అక్కర్లేదు.

ఓర్పు స్త్రీకి సహజమనే వాదాన్ని ఇప్పుడు చరిత్రకు పెట్టి చూద్దాం. ఇందుకు టెలిఫోనుకంటే మంచి ఉదాహరణ దొరకదు. అమెరికాలో మొట్టమొదటి టెలిఫోను ఎక్స్‌ఛేంజీల్లో ఆపరేటర్లుగా మగపిల్లల్ని పెట్టారు. వాళ్లు అంతకుముందు టెలిగ్రాఫు కచేరీల్లో పనిచేసిన కుర్రాళ్లు. ఆనాటి యంత్రం అడుగడుగునా మొరాయించేది. మాట వినబడేది కాదు, లైను తెగేది, ఒకరికి బదులు ఇంకొకరు పలికేవారు. ఖాతాదారు విసుక్కుంటే కుర్రాళ్లు ఎదురుతిట్టేవారు, ఆకతాయి పనులు చేసేవారు. కంపెనీలు విసిగిపోయాయి. 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే యువతిని ఆపరేటరుగా పెట్టారు. ఆమె గొంతూ మర్యాదా ఖాతాదారులకు నచ్చాయి. కొద్ది సంవత్సరాల్లోనే ఆ కొలువు దాదాపు పూర్తిగా స్త్రీలదై కూచుంది.

కంపెనీలు కొన్నది ఏమిటి? చెడ్డ యంత్రానికీ కోపిష్టి ఖాతాదారుకూ మధ్య నిలబడి, రెండువైపుల చిరాకునూ మింగే మెత్తని వస్తువును కొన్నాయి. అది మగవాడికంటే చవగ్గా దొరికింది. యంత్రాన్ని బాగుచెయ్యటానికయ్యే ఖర్చుకంటే స్త్రీ ఓర్పుకయ్యే ఖర్చు తక్కువ. ఆ ఓర్పు కూడా ఊరికే వూడిపడింది కాదు. ఏ మాటకు ఏ మాట చెప్పాలో, ఏ గొంతుతో చెప్పాలో తర్ఫీదిచ్చారు. వెనక సూపర్వైజరును నిలబెట్టారు. ఎదురుమాటాడితే వుద్యోగం వూడుతుంది. ఇంత కట్టుదిట్టం చేసి తయారుచేసిన దాన్ని తర్వాత ప్రకృతి ప్రసాదమన్నారు.

ఈ ప్రకృతి ఎంత గట్టిదో 1919 ఏప్రిల్‌లో తేలింది. న్యూ ఇంగ్లండు ప్రాంతంలో జూలియా ఓకానర్ నాయకత్వాన దాదాపు 8,000 మంది ఆపరేటర్లు జీతాల కోసం, బేరసారాల హక్కు కోసం సమ్మె కట్టారు. టెలిఫోన్లు మూగబోయాయి. ఆరు రోజుల్లో వాళ్లు గెలిచారు. భూదేవంత ఓర్పుగల ఆ ఎనిమిది వేల మంది ఆరు రోజులపాటు తమ స్వభావాన్ని ఎక్కడ దాచుకున్నారో స్వభావవాదులు చెప్పాలి.

ఇదే టెలిఫోను కథలో పురుషుడి కోపం కూడా వుంది. ఆల్మన్ స్ట్రోజర్ అనే అతను కాన్సస్ సిటీలో శవసంస్కారాల వ్యాపారి. తనకు రావలసిన ఫోన్లను ఆపరేటరు తన పోటీదారుకు మళ్లిస్తున్నదని అతనికి అనుమానం వచ్చిందనీ, ఆ ఆపరేటరు పోటీదారు భార్య అనీ కథగా చెప్పుకుంటారు. కథలో నిజమెంతైనా, మనిషి ప్రమేయం లేకుండా లైను కలిపే యంత్రానికి 1891లో అతను పేటెంటు పొందాడు. మరుసటి సంవత్సరమే ఇండియానా రాష్ట్రంలో ఆ పద్ధతి మీద ఎక్స్‌ఛేంజి పనిచెయ్యసాగింది. అమ్మాయిలు లేని, తిట్లు లేని టెలిఫోను అని దాన్ని ప్రచారం చేశారు. పురుషుడి చిరాకుకు పేటెంటు దొరికింది, పెట్టుబడి దొరికింది, చరిత్రలో పేరు దొరికింది. అదే యంత్రంతో రోజుకు తొమ్మిది పది గంటలు వేగిన స్త్రీలకూ దాని లోపాలు తెలుసు. వాళ్ల చిరాకుకు దొరికింది సూపర్వైజరు చీవాటు. ఎవరి విసుగు ఆవిష్కరణ అవుతుంది, ఎవరి విసుగు క్రమశిక్షణోల్లంఘన అవుతుంది అన్నది స్వభావాన్ని బట్టి తేలలేదు, అధికారాన్ని బట్టి తేలింది.

ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సమాజ శాస్త్రజ్ఞురాలు 1983లో ప్రకటించిన గ్రంథంలో ఈ సూత్రాన్నే మరోచోట పట్టుకున్నది. విమానాల్లో పరిచారికలకు కోపాన్ని అణచుకుని నవ్వటం జీతంలో భాగం. బాకీలు వసూలు చేసేవాళ్లకు, వాళ్లలో మగవాళ్లెక్కువ, లేని కోపాన్ని తెచ్చిపెట్టుకోవటం జీతంలో భాగం. స్త్రీ కోపాన్ని తగ్గించటానికీ, పురుషుడి కోపాన్ని పెంచటానికీ పెట్టుబడి రెండు వేరువేరు జీతాలిస్తున్నది. హైదరాబాదు కాల్‌సెంటర్లలో రాత్రి పాళీ చేసే మన పిల్లలు ఈ రోజుకూ చేస్తున్నది ఎమ్మా నట్ చేసిన పనే. ఎవరో తయారుచేసిన వస్తువు పనిచెయ్యకపోతే ఎవరో తిట్టిన తిట్లకు క్షమాపణలు చెప్పటం.

అత్తమీది కోపం దుత్తమీద చూపినట్టు అని మరో సామెత వుంది. ఇది కోడలి సామెత. మనిషి మీద చూపటానికి వీల్లేని కోపాన్ని కోడలు కుండమీద చూపుతుంది. పురుషుడి విషయంలో ఈ సామెత తిరగబడుతుంది. దుత్తమీద వచ్చిన కోపాన్ని అతను మనిషి మీద చూపుతాడు. మోటారు పాడైతే భోజనం దగ్గర కంచం ఎగురుతుంది. ఫోను మొరాయిస్తే ఎవరు ముట్టుకున్నారని ఇల్లు హోరెత్తుతుంది. అంచేత పురుషుడిది యంత్రాన్ని నిలదీసే ధైర్యమనుకోవటం కూడా పొరబాటే. అతను యంత్రాన్ని తన్నినంత మాత్రాన యంత్రం చేసినవాడికి చీమ కుట్టినట్టైనా వుండదు. తనకు తెలియదని ఒప్పుకుని పక్కవాణ్ణి అడగటానికి అతనికి మగతనం అడ్డం. తిడితే మగతనం నిలుస్తుంది గనక తిడతాడు. స్త్రీకి ఓర్పు ఎలా నేర్పారో పురుషుడికి ఈ కేకలూ అలాగే నేర్పారు.

ఇటీవలి వ్యాపారులు ఈ రెండు పాఠాలనూ కలిపి ఒకే డబ్బాలో పెట్టారు. మాట్లాడితే జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి. 2011లో సిరి, 2014లో అలెక్సా వచ్చాయి. వీటికి అమెరికాలో మొదట పెట్టింది ఆడగొంతు. బూతులు తిట్టినా సిగ్గుపడుతూ తప్పుకునే జవాబులు వాటికి నేర్పారు. 2019లో యునెస్కో ఒక నివేదికలో దీన్ని ఎండగట్టింది. ఆ నివేదికకు పేరే సిరి చెప్పిన అటువంటి జవాబు. తర్వాత ఆ జవాబును మార్చారు. 2021 నుంచి సిరి గొంతును వాడేవాళ్లే ఎంచుకునేలా చేశారు. తయారుచేసిన పద్ధతిలో మాత్రం ఒక ఆలోచన స్పష్టంగా వుంది: యంత్రం సరిగా పనిచెయ్యదు, వాడేవాడికి కోపం వస్తుంది, కనక ఆ కోపానికి అలవాటైన చిరునామా ఒకటి యంత్రంలోనే పెట్టాలి. పందొమ్మిదో శతాబ్దంలో యంత్రం పక్కన స్త్రీని కూచోబెట్టారు. ఇరవయ్యొకటో శతాబ్దంలో యంత్రాన్నే స్త్రీని చేశారు.

స్త్రీ చేతిలో యంత్రం చెడితే తప్పు ఆమెదేననే లోకం ఒక్కచోట మాత్రం, ఒకే ఒక్కచోట, తప్పు యంత్రానిదేనని చటుక్కున ఒప్పుకున్నది. అది కిరసనాయిలు స్టవ్వు. స్టవ్వు పేలి కోడలు మరణించిందనే వార్త 1970లలో, 80లలో మన పత్రికల్లో చదవనివారు లేరు. అత్త వండినప్పుడు పేలని స్టవ్వు, ఆడబిడ్డ వండినప్పుడు పేలని స్టవ్వు, కట్నం బాకీ వున్న కోడలు వండినప్పుడే ఎందుకు పేలుతుందని మహిళా సంఘాలు వీధికెక్కి అడిగాయి. 1983లో 498-ఏ సెక్షనూ, 1986లో వరకట్న మరణాల సెక్షనూ వచ్చింది ఆ ఆందోళన వల్లనే. యంత్రాన్ని నిందించాలా, మనిషిని నిందించాలా అన్నది అమాయకమైన ప్రశ్న కాదని ఈ ఒక్క వుదాహరణ చాలు చెప్పటానికి. నేరం ఎక్కడ మోపితే ఎవరికి లాభమో లోకానికి బాగా తెలుసు.

స్వభావవాదులు ఇలా వుంటే, వీళ్లకు జవాబు చెప్పటానికి బయల్దేరిన సంస్కరణవాదులు మరోరకం. స్త్రీలకు ఆత్మవిశ్వాసం తక్కువ, కాబట్టి వాళ్లకు ఆత్మవిశ్వాసంలో శిక్షణ ఇవ్వాలంటారు. వినటానికి బాగానే వుంటుంది. కాని ఇందులో యంత్రం మాట మాయమైంది. మెరిలాండ్, టౌసన్ విశ్వవిద్యాలయాల వాళ్లు 2004లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, కంప్యూటరు ముందు గడిపిన కాలంలో మూడోవంతు నుంచి సగం దాకా చిరాకు పెట్టే అవాంతరాలకే పోయిందని తేలింది. అంటే ఓడు ఎక్కడుందో తెలిసిందే. డొనాల్డ్ నార్మన్ 1988లోనే, తలుపు తియ్యటం రాకపోయినా, మీట నొక్కటం రాకపోయినా జనం తమ్ము తామే నిందించుకుంటారనీ, తప్పు చాలాసార్లు ఆ వస్తువును రూపొందించినవాడిదనీ ఒక గ్రంథమంతా రాశాడు. మంచి మాటే. ఐతే ఆయన జనం అన్నాడు. ఆ జనంలో ఎవరు ఎక్కువ నిందించుకుంటారు, ఎవరికి నిందించుకోక తప్పదు అనే ప్రశ్న మిగిలేవుంది. ఆత్మవిశ్వాసం శిక్షణ వల్ల స్త్రీ కూడా పురుషుడిలాగా యంత్రాన్ని తిట్టటం నేర్చుకుంటే సమానత్వం వచ్చినట్టు కాదు. ఇద్దరూ కలిసి చేసినవాణ్ణి వదిలేసినట్టు.

ఇక మన శిబిరం సంగతి. యంత్రం తటస్థమైనదనీ, దాని యాజమాన్యం మారితే అన్నీ చక్కబడతాయనీ మనలో చాలామంది అనుకుంటారు. యంత్రం వేరు, దాన్ని పెట్టుబడి వాడుకునే తీరు వేరు అని గ్రహించటానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టిందని మార్క్సు 1867లో చెప్పిన మాట సత్యమే. ఐతే ఆ అనుభవం మగ కార్మికుడికి మిల్లులో, యూనియనులో, నలుగురి మధ్యా దొరికింది. యంత్రంతో ఒంటరిగా, వంటింట్లో, అత్త కళ్ల ముందు వేగే స్త్రీకి అది ఎక్కడ దొరుకుతుంది? బియ్యం మిల్లు వచ్చినప్పుడు మగవాడికి మిల్లులో పని దొరికింది. వడ్లు దంచి కూలి సంపాదించుకునే స్త్రీలకు రోకలీ పోయింది, కూలీ పోయింది. మన అభ్యుదయ కవిత్వంలో యంత్రమంటే పొగగొట్టం, ఉక్కు, సుత్తి, కండలు తిరిగిన చెయ్యి. మిక్సీ జారు పగిలితే ఏమంటారోనని వణికే చెయ్యి మన కవిత్వంలోకి ఇంచుమించు రానేలేదు. పీడన ఎక్కడెక్కడ వుందో వెతికి చూపటం తన పని అనుకునే సాహిత్యానికి ఇది చిన్న లోటు కాదు.

ఇది కేవలం చిరాకుల గొడవే ఐతే ఇంత రాయనక్కర్లేదు. ఇప్పుడు యంత్రం దగ్గర పోయేది తిండీ కూలీ. ఆంధ్రప్రదేశ్ చౌకడిపోల్లో 2015 నుంచి వేలిముద్ర యంత్రాలు పెట్టారు. అంట్లు తోమి, బట్టలుతికి, కలుపుతీసి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించకపోతే "నీ వేలు పడటం లేదమ్మా" అంటాడు డీలరు. ఈ వాక్యాన్ని గమనించాలి. యంత్రం చదవలేకపోయిందని కాదు, వేలు పడలేదట. తప్పు వేలిది. ఉపాధి హామీ పనుల్లో పనిదినాల్లో సగానికి పైగా స్త్రీలవే. ఆ పనుల్లో 2023 జనవరి నుంచి ఫోనులో రోజుకు రెండు ఫొటోలు తీసి పంపితేనే హాజరన్నారు. సిగ్నలు లేక ఫొటో వెళ్లకపోతే ఎండలో గుంట తవ్విన మనిషి ఆ రోజు రానట్టే. కూలి పోయినవాళ్లు మేటును నిలదీస్తారు. ఆ మేటూ చాలాచోట్ల స్త్రీయే. ఎమ్మా నట్ కుర్చీ మన పొలంగట్టుకు వచ్చింది.

ఐనా కథ ఇక్కడ ముగియలేదు. 2021 మార్చిలో అంగన్‌వాడీల్లో పోషణ్ ట్రాకర్ అనే యాప్ పెట్టారు. పిల్లల బరువు, ఎత్తు, తల్లుల తిండి అన్నీ కార్యకర్త ఫోనులో ఎక్కించాలి. మహారాష్ట్రలో వాళ్లకు 2019లో ఇచ్చిన ఫోన్లు ఆ బరువు మొయ్యలేకపోయాయి; వేడెక్కేవి, ఆగిపోయేవి. మరమ్మతు ఖర్చు జీతంలోంచి, జీతమని పేరైనా లేని గౌరవ వేతనంలోంచి పెట్టుకోవలసి వచ్చింది. అప్పట్లో యాప్ భాష ఇంగ్లీషు. ఇటువంటి స్థితిలో ఒక్కొక్క కార్యకర్తనూ విడిగా అడిగివుంటే నాకు చేతకావటం లేదనే చెప్పివుండేది. కాని వాళ్లు ఒకచోట కూడారు. పక్కామె ఫోనూ ఆగిపోతున్నదని తెలిసింది. వెయ్యి ఫోన్లు ఒకే తీరున ఆగిపోతే తప్పు వెయ్యి ఆడవాళ్ల బుర్రల్లో వుండటం సాధ్యం కాదు. 2021 ఆగస్టులో వేలాది కార్యకర్తలు వూరేగింపుగా వెళ్లి ఆ ఫోన్లను ప్రభుత్వ కార్యాలయాల్లో అప్పగించారు.

వాళ్లు ఫోన్లను పగలగొట్టలేదు, తమను తాము తిట్టుకోనూ లేదు. ఓడు మద్దెలను చేసినవాడి ముందే పెట్టి, ఇది పలకటం లేదు, మంచిది ఇయ్యి, మా భాషలో ఇయ్యి అన్నారు. ఒంటరిగా వున్నప్పుడు చేతగానితనంగా కనిపించింది కలిసినప్పుడు కోరిక అయింది. 1919లో బోస్టన్ ఆపరేటర్లు చేసిందీ ఇదే. పురుషుడి తన్నుకూ స్త్రీ నిట్టూర్పుకూ బయట మూడో దారి ఒకటుందని ఈ రెండు ఘట్టాలూ రుజువు చేస్తున్నాయి. ఆ దారికి స్వభావంతో నిమిత్తం లేదు. నలుగురూ కలిసి తమ అనుభవాన్ని పోల్చి చూసుకోవటమే దానికి కావలసింది.

కాబట్టి మన రచయితలు చెయ్యవలసింది కొంత వుంది. తెల్లమొహం వేసిన ఆడమనిషి మీద హాస్యం రాసేముందు ఆ యంత్రాన్ని ఎవరు చేశారు, ఎవరు కొన్నారు, పాడైతే ఎవరు తిట్లు తింటారు అని ఒక్కసారి అడిగి చూడాలి. ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే హాస్యం పోదు, దాని గురి మారుతుంది. ఉపాధ్యాయులు ఆడపిల్లకు ప్రయోగశాలలో ఒక పాత యంత్రమిచ్చి విప్పమనాలి, పాడైతే పోనీ అనాలి. ఆ "పాడైతే పోనీ" అన్న మాట మగపిల్లలు పుట్టినప్పట్నుంచీ వింటున్నారు. సంఘాల్లో పనిచేసేవాళ్లు జీతాల పట్టికతోపాటు మొరాయించే యాప్‌ల పట్టిక కూడా రాసుకోవాలి.

నాకు చేతకాదు అని ఒక స్త్రీ అన్నప్పుడు మనం ఆమెకు ధైర్యం చెప్పటంతో సరిపెట్టుకుంటున్నాం. ముందు మద్దెలను చేతిలోకి తీసుకుని వాయించి చూడాలి. అది ఓడని తేలితే, ఆ సంగతి ఆమె చెవిలో చెప్పి వూరుకోకుండా, నలుగురిలో పైకి చెప్పాలి.